కరెంటు బిల్లులో ఇంధనం ధర ఉంది, ఇంధనం పేరు లేదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

దేశంలోని విద్యుత్ కేంద్రాల మొత్తం సామర్థ్యంలో సగం ఇప్పుడు బొగ్గు, గ్యాసు, డీజిలుతో పనిలేని కేంద్రాలదేనని, 2030 నాటికి అనుకున్న మెట్టును ఐదేళ్లు ముందే ఎక్కామని 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అప్పటి నుంచి మా ఆమదాలవలసలో టీ దుకాణం మొదలుకొని పెళ్లి పందిళ్ల దాకా ఒక మాట తరచుగా వినిపిస్తోంది. మన ఇళ్లలో వెలిగే దీపాల్లో సగం హరిత విద్యుత్తుతోనే వెలుగుతున్నాయట. విజయనగరంలో ఉండే మా అల్లుడు అంతటితో ఆగక, మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించుకున్నాక తన ఇల్లు నూటికి నూరుపాళ్లు హరితమేనని, బిల్లు సున్నా రావడమే అందుకు రుజువని వాదిస్తున్నాడు. ఈ రెండు మాటల్లోనూ నిజం కొంత ఉంది, పొరపాటు అంతకన్నా ఎక్కువ ఉంది. ఆ పొరపాటును సరిదిద్దుకోవడానికి నెలనెలా మన చేతికి వచ్చే కరెంటు బిల్లు ఏమాత్రం ఉపయోగపడడం లేదన్నది ఈ లేఖలో నా ఫిర్యాదు.

నేను విద్యుత్ శాఖలో పనిచేసినవాణ్ణి కాను. రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాను. (ఆ ఉద్యోగానికి 2022లో ట్రైన్ మేనేజర్ అని గౌరవమైన పేరు పెట్టారు కాని, అది నా దాకా రాలేదు.) అయినా మన ఇళ్ల కరెంటు గురించి మాట్లాడే అర్హత కొంత నాకు ఉందనే అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ కరెంటు తీగలోకి ఎక్కకముందు, నల్లటి రాళ్ల రూపంలో బాక్స్-ఎన్ అనే పైకప్పు లేని వ్యాగన్లలో ఉన్నప్పుడు, దాని వెనుక బ్రేక్ వ్యానులో కూర్చుని పలాస నుంచి విశాఖ వైపు ఏళ్ల తరబడి ప్రయాణం చేశాను. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రంలో మొదటి రెండు యూనిట్లు (అంటే ఇక్కడ కరెంటు తీసే యంత్రాలు) 2002లో పని మొదలుపెట్టాయి. ఆ తర్వాతి దశాబ్దం తొలి ఏళ్లలో మరో రెండు చేరాయి. ఒక్కొక్కటి 500 మెగావాట్ల చొప్పున మొత్తం 2,000 మెగావాట్లు. వాటికి కావలసిన బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి ఖుర్దా రోడ్డు, బరంపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగా, అంటే మన ఊళ్ల నడిబొడ్డు నుంచే పోతుంది. ఎక్స్‌ప్రెస్ రైళ్లకు దారి ఇవ్వడం కోసం సిగడాంలోనో చీపురుపల్లిలోనో లూపులైనులో గంటల కొద్దీ నిలబడిన బొగ్గు బండిని మీ పాఠకుల్లో చూడనివారు ఉండరు. వేసవిలో వ్యాగన్ లోపలి బొగ్గు దానంతట అదే రాజుకుని సన్నగా పొగ లేవడం కూడా మాకు కొత్త సంగతి కాదు.

ఒక రేకులో, అంటే ఒక పూర్తి గూడ్సు బండిలో, సుమారు 58 వ్యాగన్లు ఉంటాయి, బొగ్గు 3,800 టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి దాదాపు 700 గ్రాములు కాల్చాలి. ఆ లెక్కన ఒక రేకు బొగ్గు 54 లక్షల యూనిట్లు ఇస్తుంది. దారిలో పోయే నష్టాలను పక్కన పెడితే, నెలకు 180 యూనిట్లు వాడే ముప్ఫై వేల ఇళ్లకు అది ఒక నెల కరెంటు. ఇంకోవైపు నుంచి చూస్తే, 500 మెగావాట్ల యూనిట్ ఒక్కటి పూర్తి స్థాయిలో ఒక పగలూ రాత్రీ నడవాలంటే 8,400 టన్నులు, అంటే రెండు రేకులకు పైనే కావాలి. నాలుగు యూనిట్లూ నిండుగా నడిచే రోజున తొమ్మిది బండ్లు చేరాలి. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని మా మనవరాలు అడిగితే స్విచ్చును చూపించను, రైలు గేటు దగ్గరికి తీసుకెళ్తాను.

ఎప్పుడూ ఇలాగే ఉండేదని చెప్పడం లేదు. మా నాన్నగారి తరం వాళ్లు విజయనగరం కరెంటును ‘మాచ్‌ఖండ్ కరెంటు’ అనేవారు. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగా జోలాపుట్టు జలాశయం, డుడుమ జలపాతం ఆధారంగా కట్టిన ఆ కేంద్రంలో మొదటి యూనిట్ 1955లో తిరగడం మొదలుపెట్టింది. తరువాత ఆ నీరే దిగువన సీలేరు నదిగా ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రాలను తిప్పుతోంది. రాష్ట్రానికి చవకగా దొరికే కరెంటు ఇది. కానీ మాచ్‌ఖండ్ మొత్తం సామర్థ్యం 120 మెగావాట్లు. నేటి వాడకం ముందు అది ఏనుగు దాహానికి చూరునీళ్ల వంటిది. జోలాపుట్టు నీళ్ల కింద ఊళ్లు పోగొట్టుకున్న వేల గిరిజన, గిరిజనేతర కుటుంబాల సంగతి కూడా ఆ చవకలో కలిపి లెక్క వేసినవారు లేరు.

ఇక మన ఇంటికి వచ్చేది ఏ కేంద్రం కరెంటు అన్న ప్రశ్న. ఈ ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఉండదు, ఎందుకు ఉండదో చెబుతాను. మన వైపు ఊరి చెరువులోకి నాలుగు గెడ్డలు, అంటే వాగులు, వచ్చి కలుస్తాయనుకోండి. మదుము (తూము) ఎత్తినప్పుడు నా మడిలోకి వచ్చిన నీరు ఏ గెడ్డదో ఎవరూ చెప్పలేరు. ఏ గెడ్డ నుంచి చెరువులోకి ఎంత నీరు దిగిందో మాత్రం కొలిచి చెప్పవచ్చు. విద్యుత్ గ్రిడ్ అలాంటి చెరువే. ఒకప్పుడు దక్షిణాది రాష్ట్రాలకు విడిగా ఒక చెరువు ఉండేది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను కలిపిన తరువాత దేశమంతా ఒకే చెరువైంది. తాల్చేరు బొగ్గు, సీలేరు నీరు, కర్నూలు ఎండ, అనంతపురం గాలి, రాజస్థాన్ ఎడారి ఎండ, కల్పాక్కం అణువు అన్నీ అందులోనే కలుస్తాయి. దగ్గరలో ఉన్న కేంద్రం నుంచే విద్యుత్తు ఎక్కువగా ప్రవహిస్తుందన్న భౌతికశాస్త్రపు మాట నిజమే. ఆ మాట పట్టుకుంటే గరివిడి, టెక్కలి సబ్‌స్టేషన్ల మీదుగా మన జిల్లాలకు చేరేదాంట్లో పరవాడ బొగ్గు పాలు ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు.

సగం అన్న మాట ఎక్కడ తప్పుతోందో ఇప్పుడు చెప్పవచ్చు. 2025 జూన్ చివరికి దేశ స్థాపిత సామర్థ్యం సుమారు 4.85 లక్షల మెగావాట్లు. అందులో సౌర, పవన, జల, అణు, జీవవ్యర్థ కేంద్రాలవి కలిపి సుమారు 2.43 లక్షల మెగావాట్లు. అంకె నిజమే, సందేహం లేదు. కానీ అది యంత్రాల లెక్క, కరెంటు లెక్క కాదు. కోతల కాలంలో మస్తరులో పది పేర్లు ఉంటే, అందులో ఐదుగురు పొద్దు ఎక్కాక వచ్చి పొద్దు వాలకముందే వెళ్లిపోయేవాళ్లు, మిగిలిన ఐదుగురు రాత్రి లాంతరు పెట్టుకుని మరీ కోసేవాళ్లు అయితే, పేర్లు సగం సగం ఉన్నంత మాత్రాన కోసిన పనలు సగం సగం కావు. ఒక కిలోవాట్ సోలార్ పలక రోజంతా నిండుగా పనిచేస్తే 24 యూనిట్లు రావాలి, సగటున వచ్చేది నాలుగు, మహా అయితే ఐదు. గాలిమరలు నైరుతి రుతుపవనాల నెలల్లో ఉరకలు వేసి మిగతా ఏడాదిలో చాలా భాగం నీరసంగా తిరుగుతాయి. జల విద్యుత్తుకు వానే యజమాని. బొగ్గు యంత్రాలు మాత్రం ఏడాది సగటున తమ శక్తిలో మూడింట రెండు వంతులు నడుస్తున్నాయి. అందువల్ల సామర్థ్యంలో సగం ఉన్న, బొగ్గు, గ్యాసు, డీజిలుతో పనిలేని కేంద్రాలు, 2024-25లో దేశంలో తయారైన యూనిట్లలో ఇంచుమించు పాతిక వంతు ఇచ్చాయి. మిగిలిన ముప్పాతిక వంతు దాదాపు అంతా బొగ్గే.

సింహాద్రిలోనే దీనికి ఒక చిన్న ఉదాహరణ ఉంది. ఆ కేంద్రపు జలాశయం మీద 2021లో 25 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రాన్ని ప్రారంభించారు. ఫొటోలో చాలా అందంగా ఉంటుంది. పక్కనే 2,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఉందన్న సంగతి ఆ ఫొటోలో పట్టదు.

మా ఇంటి లెక్క వేసి చూశాను. ఇద్దరు ముసలివాళ్లం, ఒక ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, ఒక టీవీ, నీళ్ల మోటారు, వేసవిలో మనవలు వచ్చినప్పుడు మాత్రమే వేసే ఏసీ. సగటున నెలకు 180 యూనిట్లు. అందులో ముప్పాతిక, అంటే 135 యూనిట్లు బొగ్గువి అనుకుంటే 94 కిలోల బొగ్గు అవుతుంది. తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో పోయే నష్టం కూడా కలిపితే క్వింటాకు తగ్గదు. మా ఆవిడకు ఈ మాట చెబితే ఒక్క క్షణం నమ్మలేదు. కట్టెల పొయ్యి మానేసి గ్యాసుకు వచ్చి నలభై ఏళ్లయింది, ఇంట్లో పొగ లేదు, మసి లేదు, అయినా ప్రతి నెలా మన పేరు మీద ఒక క్వింటా బొగ్గు ఎక్కడో కాలుతోందంటే ఎవరికైనా నమ్మకం కుదరదు. మన బొగ్గులో మూడో వంతు బూడిదే కాబట్టి ఆ క్వింటాలో ముప్ఫై కిలోలకు పైగా బూడిద మిగులుతుంది. అది కొంత బూడిద ఇటుకలుగా మళ్లీ మన వైపే లారీల్లో వస్తోంది. కొత్తగా లేస్తున్న ఇళ్ల గోడలను చూడండి, ఎర్ర ఇటుక కనబడడం తగ్గిపోయింది. ఆ ఇళ్ల గోడా, ఆ ఇళ్లలో దీపమూ ఒకే బొగ్గు నుంచి వచ్చినవి.

పొగ సంగతి. దేశం మొత్తం గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సగటున సుమారు 0.72 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతోందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క. నీరు, ఎండ, గాలి, అణువు అన్నీ కలిపిన తరువాతి సగటు ఇది, బొగ్గు ఒక్కదానినే తీసుకుంటే కిలోకు దగ్గరగా ఉంటుంది. మా 180 యూనిట్లకు నెలకు 130 కిలోలు, ఏడాదికి ఒకటిన్నర టన్నులు. మన రాష్ట్రంలో నాలుగు వేల మెగావాట్లకు పైబడి గాలిమరలు, అంతకు తగ్గని సోలార్ కేంద్రాలు ఉన్నందున మన వాటా దీనికన్నా కొంత మెరుగని వాదించవచ్చు. చెరువు ఒక్కటే అయినప్పుడు మన గట్టు పక్క నీరు తేట అని చెప్పుకోవడంలో పెద్ద అర్థం లేదని నా అభిప్రాయం.

అల్లుడి సోలార్ దగ్గరికి వస్తాను. ముందే చెబుతున్నాను, అతను చేసింది మంచి పని. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. మూడు కిలోవాట్లకు మేడ మీద మూడు వందల చదరపు అడుగుల చోటు చాలు. నెలకు మూడు వందల యూనిట్ల పైన వస్తుంది. పలకలు తయారుచేయడానికి అయ్యే కాలుష్యాన్ని కూడా కలిపి, వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం (ఐపీసీసీ) 2014 నివేదికలో ప్రపంచం మొత్తానికి ఇచ్చిన మధ్యస్థ అంకెల ప్రకారం ఇంటి పైకప్పు సోలార్ యూనిట్‌కు 41 గ్రాముల బొగ్గుపులుసు వాయువుతో సమానం అయితే, బొగ్గుకు 820 గ్రాములు. ఇరవై రెట్ల తేడా అది. కనుక మేడ ఉన్నవారు, చేతిలో కొంత డబ్బు ఉన్నవారు పెట్టించుకోవాలనే నేనూ చెబుతాను.

నా అభ్యంతరమంతా సున్నా బిల్లును సున్నా బొగ్గుగా చదవడం మీదనే. మా అల్లుడూ కూతురూ ఇద్దరూ ఉద్యోగస్తులు. పొద్దున్న తొమ్మిదికి ఇంటికి తాళం పడుతుంది. మేడ మీద కరెంటు తయారయ్యే వేళకు ఇంట్లో ఫ్రిజ్ తప్ప ఏదీ నడవదు. తయారైనదంతా నెట్ మీటరు (ఇచ్చిన కరెంటును, తీసుకున్న కరెంటును రెండింటినీ లెక్క వేసే మీటరు) దాటి వీధి తీగలోకి పోతుంది. సాయంత్రం ఆరు తరువాత దీపాలు, టీవీ, గ్రైండరు, రెండు ఏసీలు మొదలవుతాయి. ఆ వేళకు సూర్యుడు లేడు. దేశమంతటా ఆ సాయంత్రపు గంటల్లో వాడకం ఎక్కువగానే ఉంటుంది. పగలు సోలార్ ఉప్పెనకు చోటివ్వడం కోసం 55 శాతానికి తగ్గించి నడిపిన బొగ్గు యూనిట్లను అప్పుడు మళ్లీ పైకి లేపుతారు, సీలేరు టర్బయిన్లు తిప్పుతారు. అంటే అతను పగలు చెరువులో పోసింది ఎండ, రాత్రి తోడుకున్నది ఎక్కువగా బొగ్గు. కడవకు కడవ సరిపోయింది కాబట్టి బిల్లు సున్నా వచ్చింది. అతను పోసిన ఎండ కూడా వృథా కాలేదు. ఆ మధ్యాహ్నం ఎవరి దుకాణంలోనో ఫ్యాను దానితో తిరిగింది, ఆ మేరకు ఎక్కడో బొగ్గు మిగిలింది. ఈ మేలు ఒప్పుకుంటూనే, రాత్రి బొగ్గును తీర్చే ఉపాయం మేడ మీది పలకల్లో లేదని కూడా ఒప్పుకోవాలి.

ఇదే సందర్భంలో తుపాను జిల్లాల వాళ్లం తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. సోలార్ పెట్టించుకున్న చాలామందికి అది తెలియదని నా అనుభవం. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్, వీధిలో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కి తీగ బాగుచేసే లైన్‌మన్‌కు మన మేడ మీది కరెంటు తగిలి ప్రాణాపాయం కలగకుండా చేసిన ఏర్పాటు అది, సబబైన ఏర్పాటే. కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో వేల స్తంభాలు నేలకూలాయి. మా బంధువుల ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు నింపడానికీ, సెల్‌ఫోన్లకు చార్జింగు పెట్టుకోవడానికీ అద్దె జనరేటర్లే దిక్కయ్యాయి. ఆకాశం తేటపడి ఎండ కాస్తున్నా, బ్యాటరీ లేని సోలార్ మేడలు అటువంటి రోజుల్లో చీకట్లోనే ఉంటాయి. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. పథకం గురించి రాసేటప్పుడు పత్రికలు చెప్పాలి.

బ్యాటరీలు, లేదా పగటి కరెంటుతో నీటిని కొండ మీదికి తోడి రాత్రి వదిలే పంప్డ్ స్టోరేజీ, ఇవే రాత్రి బొగ్గుకు విరుగుడు అని నిపుణులు చెబుతున్నారు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో అలాంటిది 1,680 మెగావాట్లతో కట్టారు. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల ప్రతిపాదన ఉంది. మనకు దగ్గరలో, పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుకుట్టి, కర్రివలసల్లోనూ ప్రతిపాదించారు. అక్కడి గిరిజనులు తమ కొండ, తమ గెడ్డ ఏమవుతాయని అడుగుతున్నారు. మాచ్‌ఖండ్ కథ తెలిసినవాళ్లం ఆ ప్రశ్నను అభివృద్ధికి అడ్డం అని తోసిపుచ్చలేము.

మన జిల్లాకు ఈ విషయంలో ఒక ప్రత్యేక చరిత్ర ఉంది, దాన్ని మనం సగమే గుర్తుపెట్టుకున్నామని నాకు అనిపిస్తుంది. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో 2,640 మెగావాట్ల బొగ్గు కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు నిలబడ్డారు. 2010 జూలై 14న కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, వలస పక్షులు వాలే తేలినీలాపురానికి దగ్గరలోని కాకరాపల్లిలో 1,320 మెగావాట్ల కేంద్రం విషయంలోనూ నెత్తురు పారింది. ఆ రెండు చోట్లా జనం పక్షాన న్యాయం ఉందని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. అయితే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న మిగిలింది. మన బీల మిగిలింది, మన తంపరలో (నీరు నిలిచే పల్లపు నేలలో) చేపలు మిగిలాయి. ఆ పదిహేనేళ్లలో మన ఇళ్లలోకి ఏసీలు వచ్చాయి, రెండో ఫ్రిజ్ వచ్చింది, ఊరూరా అపార్టుమెంట్లు, లిఫ్టులు వచ్చాయి. ఆ కరెంటుకు కావలసిన బొగ్గు ఎవరి ఊళ్లో కాలింది? బూడిద ఎవరి పొలాల మీద పడుతోంది? మన పెరట్లో వద్దన్న బొగ్గును పక్క జిల్లా పెరట్లో కాల్పించుకుంటున్నాము, ఇందులో శ్రీకాకుళం, విజయనగరం రెండింటికీ పాలు ఉంది.

రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల ఆరు అణు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. అదే ఐపీసీసీ లెక్కలో అణు విద్యుత్తు గాలిమరతో ఇంచుమించు సమానం, యూనిట్‌కు 12 గ్రాములు. ఆ ఒక్క కొలతతోనే దాన్ని హరితం అనాలా, ఊళ్లు వదలవలసిన మత్స్యకారుల కొలత కూడా కలపాలా అన్నది వేరే లేఖకు సరిపడే విషయం. ఇక్కడ అనదలచుకున్నది ఒకటే. హరితం అన్న ముద్ర వేసేవారు ఏ కొలతతో వేశారో కూడా చెప్పాలి.

ఇక బిల్లు. మా బిల్లులో యూనిట్లు ఉంటాయి, స్లాబులు ఉంటాయి, స్థిర చార్జీ, సుంకం ఉంటాయి. ఇంధన, కొనుగోలు వ్యయ సర్దుబాటు పేరుతో యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా వసూలు చేసే పద్దు కూడా ఉంటుంది. అంటే ఆ నెలలో ఇంధనానికీ కరెంటు కొనుగోలుకూ ఎంత ఎక్కువైందో పంపిణీ సంస్థకు పైసలతో సహా తెలుసు, నా వాటా ఎంతో కూడా తెలుసు. ఆ ఇంధనం ఏమిటో చెప్పే వరుస ఒక్కటీ లేదు. కిరాణా కొట్టువాడు ధర వేసి సరుకు పేరు వేయకపోతే మనం ఊరుకుంటామా? ఐరోపా దేశాల్లో కరెంటు అమ్మే సంస్థ అంతకు ముందు ఏడాది ఏ ఇంధనం నుంచి ఎంత శాతం వచ్చిందో బిల్లుతో పాటు వినియోగదారుకు చెప్పి తీరాలని 2003లోనే నిబంధన చేశారు. మనకూ అది అసాధ్యమైన పని కాదు. ఏ కేంద్రం ఎంత ఇచ్చిందో విజయవాడలోని రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం అనుక్షణం చూస్తూనే ఉంటుంది. జాతీయ స్థాయిలో రోజువారీ నివేదికలు బహిరంగంగానే ఉన్నాయి. పైగా పంపిణీ సంస్థలు తాము అమ్మే విద్యుత్తులో 2025-26లో 33.01 శాతం, 2029-30 నాటికి 43.33 శాతం పునరుత్పాదక వనరుల నుంచే తీసుకోవాలని కేంద్రం 2023లో లక్ష్యం పెట్టింది. ఆ లక్ష్యాన్ని కరెంటు కొని తీర్చారో, వేరేవాళ్లు తీసిన హరిత విద్యుత్తు పేరు మీద అమ్మే సర్టిఫికెట్లు కొని తీర్చారో తెలుసుకునే హక్కు డబ్బు కట్టేవాడికి ఉండాలి కదా.

అందువల్ల విద్యుత్ చార్జీల మీద ఏటా బహిరంగ విచారణ జరిపే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిని నేను మీ పత్రిక ద్వారా కోరేది ఇది. ప్రతి ఇంటి బిల్లు కింద, ఆ నెల కొన్న కరెంటులో బొగ్గు ఎంత, గ్యాసు ఎంత, నీరు ఎంత, ఎండ గాలి కలిపి ఎంత, అణువు ఎంత అన్నది తెలుగులో అచ్చు వేయించాలి. వీలైతే పగటి పాళ్లు, రాత్రి పాళ్లు విడిగా వేయించాలి. పగటికీ రాత్రికీ తేడా తెలిస్తే మా వంటి ఇళ్లు చేయగలిగేది కొంత ఉంది. మా మేడ ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు, గ్రైండరు, ఇస్త్రీ పెట్టె ఇదివరకు సాయంత్రాలే నడిచేవి. ఈ లెక్కలన్నీ వేశాక వాటిని మధ్యాహ్నానికి మార్చాము. దీనికి మాకు బిల్లులో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. ఎండ ఉన్న గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలని కేంద్ర వినియోగదారుల హక్కుల నిబంధనలు 2023లోనే చెప్పాయి. ఏ గంటలో ఎంత వాడామో లెక్క చెప్పే స్మార్ట్ మీటర్ల మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఆ రాయితీ మామూలు గృహస్థుకు అందేలా చూస్తే మోటారు మధ్యాహ్నం వేసేవాళ్లు మా వీధిలోనే ఇరవై మంది తేలుతారు. 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టుకుంటే, రోజుకు పదిహేను గంటల వాడకం మీద నెలకు ఇరవై యూనిట్లు తగ్గుతుంది, అంటే పది కిలోల పైన బొగ్గు తగ్గుతుంది. ఇది కూడా బిల్లు మీద కిలోల్లో కనబడితే నమ్మేవాళ్లు ఎక్కువవుతారు. మా ఆవిడ నమ్మింది కిలోలు చెప్పాకే.

మండలి ఆదేశం వచ్చేదాకా మీ పత్రిక ఒక పని చేయవచ్చు. వానాకాలంలో జిల్లా పేజీలో గొట్టా బ్యారేజీ, మడ్డువలస, తోటపల్లి నీటిమట్టాలు మీరు వేస్తారు, రైతులు పొద్దున్నే ముందు ఆ చిన్న పెట్టెనే చూస్తారు. ఆ పెట్టె పక్కనే రెండు అంగుళాల చోటులో, నిన్న రాష్ట్రం వాడిన కరెంటు ఎన్ని మిలియన్ యూనిట్లు, అందులో బొగ్గుది ఎంత, నీటిది ఎంత, ఎండది ఎంత, గాలిది ఎంత అన్న అంకెలు కూడా వేయమని కోరుతున్నాను. ఏడాది పొడవునా వేయగలిగితే మరీ మంచిది. ఆషాఢంలో గాలి అంకె ఎలా లేస్తుందో, ఏప్రిల్ రాత్రుల్లో బొగ్గు అంకె ఎక్కడిదాకా పోతుందో అందరికీ తెలుస్తుంది. మొదటి రోజు కత్తిరింపును విజయనగరం పంపడానికి నేను ఇప్పటికే కవరు మీద చిరునామా రాసి పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గూడ్సు గార్డు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా.